మగ్గం ఆగితే లేచే పిల్లాడు

పదకొండో వారం

ఇవాళే మన అరుగు మీదికి వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు మాటలు. ఇది తొంభై ఎనిమిదో సంవత్సరం. బెంగుళూరు కబ్బన్‌పేటలో మరమగ్గాలు ఆడే ఇళ్ళలో వెంకటరాయప్పది ఒకటి. ముందు గదిలో ఆరు మగ్గాలు, వెనక గదిలో మనుషులు. ఆ ఇంటికి హిందూపురం నుంచి కోడలై వచ్చిన నాగవేణి పరాయిది కాదు, అత్త భాగీరథమ్మకు సొంత తమ్ముడి కూతురు. భర్త మల్లికార్జున్ ఆమెకు మేనత్త కొడుకే. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు దర్శన్‌కు రెండేళ్ళ ఎనిమిది నెలలు వచ్చాయి. ఇంతవరకూ 'అమ్మ' అనలేదు. మగ్గాల ఇంట్లో పిల్లలకు మాట ఆలస్యమేనని అందరూ కొట్టిపారేశారు. పోయిన వారం పక్కింటి పుట్టినరోజులో నాలుగు బెలూన్లు ఒకేసారి పేలితే పిల్లలంతా బేరుమన్నారు. దర్శన్ మాత్రం అటు వీపు పెట్టి కూర్చుని కేకు మీద క్రీము నాకుతూనే ఉన్నాడు. ఆ రోజు నాగవేణి అత్త మీద మొదటిసారి గొంతెత్తింది. చెవుల పరీక్ష చేయించాల్సిందేనంది. భాగీరథమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. పరీక్షలో పిల్లాడు తన ఒళ్ళోనే కూర్చోవాలి.

"నీ భయం చూస్తే వాడు బెదురుతాడు. నా ఒళ్ళో ఉంటే ఎట్ల తిరిగి చూస్తాడో నువ్వే చూద్దువు" అంది.

ఇక చదవండి.

సోమవారం పొద్దున పది గంటలకు ఆసుపత్రి మేడ మీద, వరండా చివరి బెంచీ మీద అత్తా కోడళ్ళు పిల్లాణ్ని మధ్యన కూర్చోబెట్టుకుని ఉన్నారు. మల్లికార్జున్ రాలేదు. చిక్కపేటలో షాపుకు చీరలు అందించే రోజు, తప్పితే షావుకారు ముఖం మాడ్చుకుంటాడన్నాడు. అసలు కారణం అది కాదని నాగవేణికి తెలుసు. అతనికి భయం. కొందరు మగవాళ్ళకు భయమేసినప్పుడే పని గుర్తుకొస్తుంది.

భాగీరథమ్మకు మాత్రం భయం ఉన్నట్టే లేదు. మడత నలగని పట్టుచీర కట్టుకుని, మనవడికి పాపిడి తీసి, బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టి, పెళ్ళిచూపులకు వచ్చినంత ధీమాగా కూర్చుంది. పక్కన ఎవరో పిల్లతల్లి ఉంటే ఆమెకూ చెప్పేసింది.

"మావాడికి చెవులకేమీ లేదమ్మా. కరెంటు పోతే లేస్తాడు."

ఈ కరెంటు సంగతే ఏడాదిన్నరగా ఆ ఇంట్లో చెల్లుబాటవుతున్న సాక్ష్యం. ఆరు మగ్గాలూ ధడధడలాడుతుంటే పక్క గదిలో బండల మీద పరిచిన బొంతలో దర్శన్ హాయిగా నిద్రపోయేవాడు. కరెంటు పోయి మగ్గాలు ఆగిన మరుక్షణం కళ్ళు తెరిచేవాడు. సద్దు ఆగిన సంగతి వీడికి ఎట్లా తెలిసిందో చూడండని భాగీరథమ్మ వీధి వీధంతా చెప్పుకుని మురిసింది. నాగవేణి కూడా ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళు గుండె చిక్కబట్టుకుంది. చెవులు లేని పిల్లాడికి సద్దు ఆగితే ఎలా తెలుస్తుంది? తెలిసింది కాబట్టి చెవులున్నాయి. అంతటితో ఆలోచన ఆపేసేది. ఆ పైన ఆలోచించడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

ఇక మాటంటారా, ఆ ఇంట్లో పగటిపూట నోటితో మాట్లాడేవాళ్ళే లేరు. ఆ రొదలో అరిస్తే గొంతు నొప్పి తప్ప మిగిలేదేమీ లేదు. కాబట్టి పెదాలు చూసి తెలుసుకోవడం, చేతులతో చెప్పడం. అయిదు వేళ్ళు నోటి దగ్గరికి తెస్తే అన్నం. భుజం మీద మడత దిద్దినట్టు చేస్తే చీరల షాపు మనిషి వచ్చాడని. రెండు చూపుడు వేళ్ళు కొక్కెంలా కలిపి టక్కున విడదీస్తే పోగు తెగిందని. చేతిమగ్గాల ఇంట్లో, పాటల మధ్య పెరిగిన నాగవేణికి ఈ విద్య పట్టుబడడానికి ఏడాది పట్టింది. దర్శన్‌కు నడకతోపాటే వచ్చేసింది. బొమ్మ విరిగినా, గ్లాసు పగిలినా, అమ్మ కళ్ళు తడిసినా వాడు రెండు వేళ్ళు కలిపి విడదీసి చూపించేవాడు. ఇల్లంతా చేతులతో మాట్లాడుతుంటే, వాడు చేతులతో తప్ప ఇంకెలానూ మాట్లాడడం లేదన్న సంగతి ఎవరికి తడుతుంది? తట్టలేదు. అదే వాళ్ళ పాపం, పుణ్యం.

తలుపు తెరుచుకుని భుజంగరావు బయటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా పిల్లల చెవులు పరీక్షించడమే ఆయన పని. ఇంట్లో కన్నడమే అయినా తెలుగు చక్కగా మాట్లాడతాడు. పిల్లాడి ముందు గొంతుక్కూర్చుని వాడి బొటనవేలు పట్టుకుని ఊపాడు. దర్శన్ నవ్వాడు.

"రెండు గదులుంటాయమ్మా" అన్నాడు లేచి. "లోపలి గదిలో అవ్వ, పిల్లాడు. బయట గదిలో మీరు, నేను. మధ్యలో అద్దం. లోపల ఆ పక్కా ఈ పక్కా స్పీకర్లు పెట్టి ఉన్నాయి. సద్దు వచ్చిన వైపుకు వాడు తిరుగుతాడా లేదా, అంతే చూసేది. అవ్వా, మీరు మాత్రం సద్దు విన్నా కదలకూడదు. మిమ్మల్ని చూసి వాడూ తిరుగుతాడు."

"నేనెందుకు కదుల్తానప్పా. రాయి మాదిరి కూచుంటా" అంది భాగీరథమ్మ, ఆయన నోటి మీంచి చూపు తిప్పకుండా.

లోపలి గది గోడలకు మెత్తటి దళసరి అట్టలు వేసి ఉన్నాయి. తలుపు జానెడు మందం. అత్త కుర్చీలో కుదురుకుని, మనవణ్ని ఒళ్ళోకి తీసుకుని, అద్దంలోంచి కోడలి వంక ఒక చూపు విసిరింది. ఇప్పుడు చూద్దువుగానీ అన్న చూపు అది. నాగవేణి కొంగు చివర పిడికిట్లో నలిపేస్తోంది.

భుజంగరావు మిషన్ మీద మర తిప్పాడు. సన్నగా, ఈలలాంటి సద్దు. దర్శన్ అవ్వ చేతి గాజులు ఒక్కొక్కటే పైకి నెట్టి కిందికి వదులుతున్నాడు. ఆయన ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం. ఇప్పుడా ఈల అంత మందపాటి గోడనూ దాటుకుని నాగవేణి చెవుల్లో గుచ్చుకుంటోంది. లోపల ఉన్నవాళ్ళకు ఎలా ఉంటుందో అనుకుంది. భాగీరథమ్మ మాత్రం చెప్పినట్టే రాయిలా కూర్చుని ఉంది, పెదాల మీద చిరునవ్వు కూడా చెదరలేదు. ఎంత ఓర్పు ఈమెకు, అని నాగవేణి అంత భయంలోనూ ఆశ్చర్యపోయింది.

అప్పుడు భాగీరథమ్మ అద్దం వైపు తిరిగి కొంచెం విసుగ్గా అంది. మైకులోంచి ఆ మాట బయట గదిలోకి ఖంగుమని వచ్చింది.

"ఏమప్పా, ఎంతసేపు? సద్దు పెట్టండి మొదట."

మర మీద భుజంగరావు చెయ్యి ఆగిపోయింది. ఆయన నాగవేణి వైపు తిరిగాడు.

"అవ్వ ఏం పని చేస్తారమ్మా?"

"నూలు కండెలు చుడతాది సార్. మగ్గాల పక్కనే కూచొని. ఇరవై ఏడేండ్లుగా."

ఆయన తల ఊపాడు. "సన్నని సద్దులు ఆమెకు ఎప్పుడో పోయినాయి. మనుషుల పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు. ఆమెకే తెలియదు పాపం."

నాగవేణి అద్దంలోంచి అత్తను చూసింది. నేను పిలిస్తే పలుకుతాడు అని పందెం కాసిన మనిషి. బిడ్డ చెవుల గురించి ఎవరు అనుమానపడినా కయ్యానికి దిగిన మనిషి. ఇన్నాళ్ళూ ఆ ఇల్లు ఎవరి సాక్ష్యం నమ్మిందో ఆమెకే చెవులు లేవు. కోపం రావలసిన చోట కోపం రాలేదు. అద్దం అవతల ధీమాగా నవ్వుతూ, మొదలైపోయిన పరీక్ష మొదలుకావాలని ఎదురుచూస్తున్న ముసలామెను చూస్తే జాలే కలిగింది.

భుజంగరావు ఇంకో మర తిప్పాడు. ఈసారి లావు సద్దు, పెద్ద డోలు మీద కొట్టినట్టు. భాగీరథమ్మ ఉలిక్కిపడింది. కదలకూడదన్న మాట మరిచిపోయి భుజాలు ఎగిరిపడ్డాయి. వెంటనే కిందికి, మనవడి ముఖంలోకి చూసింది. వాడు అయిదో గాజు పైకి నెడుతున్నాడు.

డోలు మళ్ళీ మోగింది. వాడు ఆరో గాజు పట్టుకున్నాడు.

మూడోసారి మోగినప్పుడు భాగీరథమ్మ ఉలిక్కిపడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. మైకుకు అందనంత మెల్లగా ఆమె పెదాలు కదిలాయి. మగ్గాల ఇంటి కోడలికి పెదాలు చదవడం ఒకరు చెప్పాలా? నాగవేణికి ప్రతి అక్షరం కనపడింది. తిరుగు నాయనా. ఒక్కసారి తిరుగు. నా తండ్రీ, ఒక్కసారి తిరగరా.

వాడు తిరగలేదు.

భుజంగరావు లోపలికి వెళ్ళి పిల్లాణ్ని చెక్కనేల మీద దించాడు. వాడి వెనక నిలబడి కాలితో నేలను గట్టిగా ఒక్క తన్ను తన్నాడు. దర్శన్ గిరుక్కున తిరిగి ఆయన్ను చూసి నవ్వాడు.

"చూడప్పా! తిరిగినాడు! చెప్పలేదా నేను?" భాగీరథమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె గొంతులో ప్రాణం లేచి వచ్చింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మూలనున్న దళసరి స్పంజి పరుపు లాగి దాని మీద పిల్లాణ్ని కూర్చోబెట్టాడు. మళ్ళీ వెనక నిలబడి, ఈసారి నేలను రెండింతలు గట్టిగా తన్నాడు. గోడలు అదిరాయి. దర్శన్ పరుపు మీది కుట్టు దారం పీకుతూ ఉండిపోయాడు.

"వీడికి తెలిసింది నేల, అవ్వా" అన్నాడు భుజంగరావు, ఆమెకు కనపడేలా ముఖం ఎదురుగా పెట్టి. "మగ్గాలు ఆడినంతసేపూ మీ ఇంటి బండలు అదురుతుంటాయి. అది వీడికి ఊయల. అదురు ఆగితే లేస్తాడు. సద్దు వాడికెప్పుడూ లేదు."

భాగీరథమ్మ కూర్చుండిపోయింది. భుజంగరావే ఆమెనూ పిల్లాణ్నీ బయట గదిలోకి తీసుకొచ్చాడు.

బయట గదిలో నాగవేణి అడిగిన మొదటి ప్రశ్న ఇది. "ఎప్పుడు తెలిసుండాల సార్ మాకు?"

భుజంగరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు ముప్పై ఏళ్ళుగా అలవాటు కాలేదు. "ఆరు నెలలకు పిలిస్తే తల తిప్పాలమ్మా. ఏడెనిమిది నెలలకు బాబాబా, తాతాతా అనాలి. ఏడాదికి ఒక మాట రావాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలపాలి."

"అయిదో నెలలో కూస్తా ఉండె సార్. ఊ అని, ఆ అని. తర్వాత మానేసినాడు." నాగవేణి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "బుద్ధిమంతుడైనాడు అనుకుంటిమి."

"తన కూత తనకు వినపడకపోతే పిల్లలు మానేస్తారమ్మా."

అప్పుడు ఏడ్చింది నాగవేణి, పరాయి మనిషి ముందు, కొంగు అడ్డం పెట్టుకోకుండా. పుట్టినప్పటి నుంచీ వాడికి జోల పాడింది. పడుకోబెట్టిన ప్రతిసారీ పాడింది. హిందూపురంలో అమ్మ పాడిన పాటలన్నీ వరసపెట్టి పాడింది. ఒక్కటీ వాడికి చేరలేదు. దర్శన్ ఆమె మోకాళ్ళ మధ్యకు వచ్చి, తడిసిన ముఖంలోకి చూసి, రెండు చూపుడు వేళ్ళు కలిపి టక్కున విడదీశాడు.

"ఏమిటది?" అన్నాడు భుజంగరావు.

"పోగు తెగింది అంటా ఉండాడు సార్. మా మగ్గాల సైగ."

ఆయన వంగి వాడి రెండు వేళ్ళూ పట్టుకున్నాడు. "వీడికి మాట లేదని ఎవరన్నారమ్మా? ఉంది. దాన్ని మాన్పించకండి. కాకపోతే మీ ఆరు మగ్గాల మధ్య తప్ప ఇంకెక్కడా ఆ మాట ఎవరికీ అర్థం కాదు." తర్వాత మెల్లగా, విడమరిచి చెప్పాడు. నిద్రపుచ్చి చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. అది అయ్యాక రెండు చెవులకూ మిషన్లు పెట్టాలి. లావు సద్దుల్లో కొంచెం వినికిడి మిగిలి ఉన్నట్టుంది. ఆ కొంచెంతోనే మాట రప్పించడానికి చూడవచ్చు. అయితే మిషన్‌కు అమ్మ గొంతు వేరు, మగ్గం రొద వేరు అని తెలియదు. అన్నింటినీ పెద్దవి చేస్తుంది. ఆ ఇంట్లో పెడితే వాడి తలలో ఆరు మగ్గాలు ఆడతాయి, పీకి పారేస్తాడు.

"సద్దు లేని చోట వాణ్ని పెట్టుకుని, లేచినప్పటి నుంచి చెవి పక్కన మాట్లాడుతూ ఉండాలి. తల్లే ఉండాలి. ఇవాళ మొదలుపెట్టాలి. వచ్చే ఏడాది అంటే, ఒక ఏడాది మాట పోతుంది."

ఆయన కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "సంబంధంలోనే పెళ్ళా మీది?"

"సొంత మేనత్త కొడుకే సార్."

"ఇంట్లో ఇంకెవరికైనా పుట్టుకతో ఇలా ఉందా?"

"లేదు సార్. మా బావకు ముందు ఒక ఆడపిల్ల పుట్టిందంట. మూడేండ్లకే జరమొచ్చి పోయింది."

భుజంగరావు తల ఎత్తాడు. "ఆ పిల్ల మాట్లాడేదా?"

నాగవేణి అత్త వైపు చూసింది. భుజంగరావు ఆమె వైపు తిరిగి అడిగాడు. "అవ్వా, ఆ పిల్ల మాట్లాడేదా?" భాగీరథమ్మ ఆయన ముఖం వంక చూసింది, తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆయన గొంతు పెంచి మూడోసారి అడిగాడు. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయింది. "వినపడలేదు పాపం" అని భుజంగరావు కాగితం మూసేశాడు.

ఆటోలో ఇంటికి బయలుదేరారు. మార్కెట్టు దగ్గర ఆటో ఆగినప్పుడు హొసూరు రోడ్డు వైపు పోయే బస్సు ఒకటి జనాన్ని ఎక్కించుకుంటోంది. భాగీరథమ్మ దాన్నే చూస్తోంది. ప్రతి మంగళవారం టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె ఎక్కే బస్సు అది. హెబ్బగోడిలో ఆమెకు దూరపు వరసలో అక్క అయ్యే విధవరాలు ఉంది, అందరూ దొడ్డమ్మ అంటారు. ఆమెను చూసి రావడం ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ ఇంటికి ఇంకెవరినీ తీసుకుపోదు. పోయిన నెల అత్త సంచిలో డజను ఆకుపచ్చ మట్టిగాజులు చూసి నాగవేణి నవ్వుకుంది, గాజులు తీసేసిన దొడ్డమ్మకు ఇవెందుకని. ఇవాళ ఆ నవ్వు గుర్తుకొచ్చినా ఆమెకు పట్టలేదు.

ఇల్లు చేరేసరికి ఆరు మగ్గాలూ ఆడుతున్నాయి. దర్శన్ బండల మీద కాలు పెట్టగానే ఆవులించి, వెనక గదిలో బొంత మీదికి పోయి పడుకున్నాడు. కాళ్ళు ముడుచుకుని నిమిషంలో నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి ఇన్నాళ్ళూ మురిసిన తల్లి ఇవాళ చూడలేక ముందు గదిలోకి వచ్చేసింది.

మల్లికార్జున్ మొదటి మగ్గం దగ్గర ఉన్నాడు. కళ్ళతోనే అడిగాడు. నాగవేణి చెవి చూపించి, అరచెయ్యి బోర్లించింది. అతను తల వంచుకుని మగ్గం చెక్క పట్టుకున్నాడు. భుజాలు వణుకుతున్నాయి. చుట్టూ మగ్గాలు ఆడుతుంటే, ఒక మనిషి ఏడ్చినా అది తల్లికీ పెళ్ళానికీ మాత్రమే తెలిసే ఇల్లు అది.

వెంకటరాయప్ప వచ్చి మధ్యలో నిలబడ్డాడు. కోడలు చెప్పిందంతా ఆమె పెదాల మీద చదువుకున్నాడు. పరీక్ష, మిషన్లు, సద్దు లేని ఇల్లు. ఆయన చెడ్డవాడని చెప్పను. పిల్లాడంటే ఆయనకూ ప్రాణమే. కాకపోతే ఇంట్లో ఏది తెగినా ముడివేసి మగ్గం ఆడించడమే ఆయనకు తెలిసిన పద్ధతి.

"మగ్గాలు ఆపితే కూడు ఎక్కడిది?" అన్నాడు.

"ఆపొద్దు మామా. నేనూ వాడూ వేరే ఇంట్లో ఉంటాం."

"నువ్వు పోతే నీ రెండు మగ్గాలు ఎవరు చూస్తారు? చింతామణి పక్కన పల్లెలో మా చెల్లెలు ఉండాది కదా. పిల్లాణ్ని ఆడ వదలండి. అక్కడ సద్దూ లేదు, గలాటా లేదు. నెలకొకసారి పోయి చూసి రండి. నాలుగు దినాలు ఏడుస్తాడు. అలవాటైపోతాది."

నాగవేణి భర్త వైపు చూసింది. మల్లికార్జున్ తల ఎత్తలేదు. ఆ ఇంట్లో తండ్రి మాటకు ఎదురు మాట ఎప్పుడూ పుట్టలేదు. ఇవాళ కూడా పుట్టదని నాగవేణికి అర్థమైంది. తన బిడ్డ ఎక్కడో ఒక పల్లెలో, ఎవరికీ తెలియని సైగలు చేసుకుంటూ, ఎవరూ జవాబు చెప్పకపోతే అవి కూడా మానేసి కూర్చుంటాడని ఆమెకు కళ్ళకు కట్టింది.

కండెల రాట్నం దగ్గర కూర్చున్న భాగీరథమ్మ లేచింది. మొగుడి పెదాల మీద ఆ చివరి మాట ఆమె చదివింది. గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్చు కిందికి లాగింది.

మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పని వేళలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. వెనక గదిలో దర్శన్ లేచాడు. కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ మాట ముప్పై ఏండ్ల కిందట కూడా అంటివి." నిశ్శబ్దంలో భాగీరథమ్మ గొంతు అవసరానికి మించి పెద్దగా ఉంది. ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియదు.

వెంకటరాయప్ప ముఖం పాలిపోయింది. "భాగీ. సుమ్నే ఉండు, నోరెత్తొద్దు."

"సుమ్నేనే ఉంటిని ఇన్ని దినాలు. నాలుగు దినాలు ఏడుస్తాది, అలవాటైపోతాది అంటివి. కడుపులో ఇంకొకడు ఉండాడు, మాటరాని పిల్ల ఇంట్లో ఉంటే ఆ పుట్టేవాడికి రేపు ఎవరూ పిల్లనియ్యరంటివి. నువ్వూ మీ అమ్మా..."

వెంకటరాయప్ప ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి స్విచ్చు పైకి కొట్టాడు. పోయి మరలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, ఆరు మగ్గాలూ మళ్ళీ అందుకున్నాయి. భార్య గొంతు ఆ రొదలో మునిగిపోయింది.

వేరే ఎవరైనా ఆ పొరపాటు చేస్తే సరే. ఆ ఇంటి యజమాని చేయకూడదు. మగ్గాల రొద ఆ ఇంట్లో ఏ రోజూ ఎవరి నోరూ మూయించలేదు.

భాగీరథమ్మ వెలుతురు పడే చోటికి, కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇప్పుడు ఆమె గొంతుతో చెప్పలేదు. పెదాలతో, చేతులతో, నిదానంగా, ఒక్క అక్షరం పోకుండా చెప్పింది.

"ఆయప్ప మూడుసార్లు అడిగినాడు, ఆ పిల్ల మాట్లాడేదా అని. నాకు తెలియలేదనుకుంటిరి. నాకు పెదాలు కనపడినాయి. మొదటిసారే కనపడినాయి."

నాగవేణి ఒక అడుగు ముందుకు వేసింది.

"మాట్లాడేది కాదు. మూడేండ్లకూ ఒక్క మాట లేదు. అప్పుడు మనవి చేతిమగ్గాలు, నేల అదిరేది కాదు. దాని పక్కన తప్పెట కొట్టినా లేచేది కాదు. వీడు మగ్గం ఆగితే లేస్తా ఉండె. అందుకే నమ్మితినే అమ్మా. అది వేరే, వీడు వేరే అని చేతులెత్తి మొక్కుకొని నమ్మితిని. ఈ పొద్దు నా ఒళ్ళోనే తెల్సిపోయింది."

ఆమె అరచెయ్యి తన మోకాలికి కొంచెం పైన, మూడేళ్ళ పిల్ల తల ఉండేంత ఎత్తులో పట్టింది. ఆ చేతిని మెల్లగా, మెల్లగా పైకి లేపింది. నడుము దాకా. భుజం దాకా. తన తల దాటి ఇంకో రెండంగుళాలు.

"ఇప్పుడు ఇంత ఉండాది. గాజులు దొడ్డమ్మకు కాదే. నా అలివేలుకు."

పోయిన పెద్దల అమావాస్యకు చచ్చిపోయిందన్న ఆ పిల్ల పేరున ఆకు వేసి, దాని పక్కన చిన్న పరికిణీ మడిచి పెట్టింది నాగవేణే. ఏటా ఆ మడత పెట్టేది కోడలే. ఆ పూట భాగీరథమ్మ ఆ గదిలో అడుగుపెట్టదు. ఎందుకు రాదో నాగవేణి ఎప్పుడూ అడగలేదు. బతికున్న పిల్లకు తన చేత్తోనే ఏడేళ్ళుగా పిండాకూడు పెట్టానని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"రేపు మంగళవారం" అన్నాయి అత్త పెదాలు. "వాణ్ని ఎత్తుకొని నాతో రా. మాట నేర్పకుండా వదిలేస్తే మనిషి ఎట్ల ఉంటాదో కండ్లారా చూడు. ఆ తర్వాత కూడా వీళ్ళు చింతామణి అంటే, నన్ను దాటుకొని పంపల్ల."

గుమ్మంలో దర్శన్ అవ్వ ముఖం చూసి రెండు వేళ్ళు కలిపి విడదీశాడు. వాడి వైపు ఎవరూ చూడలేదు. ఎందుకంటే మొదటి మగ్గం దగ్గర మల్లికార్జున్ నిటారుగా లేచి నిలబడ్డాడు. పెదాలు చదవడం అతనికీ ఊహ తెలిసినప్పటి నుంచి వచ్చు. అతని మగ్గం మీద నిజంగానే పోగులు తెగి చీర పాడైపోతోంది. అతను దాన్ని చూడలేదు. తండ్రి దగ్గరికి నడిచి, ఎదురుగా నిలబడి అడిగాడు.

"అక్క ఉండాదా నాయనా?"

వెంకటరాయప్ప ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు, పొద్దున ఆసుపత్రిలో ఆయన భార్య తిప్పుకున్నట్టే.

మల్లికార్జున్ చుట్టూ తిరిగి వచ్చి, గోడకూ తండ్రికీ మధ్యన నిలబడి, అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.